మా పిన్ని కంటపడని గ్వారియా

మట్టల ఆదివారం మధ్యాహ్నం మా హెర్మినియా పిన్ని వంటింట్లో చిక్కుడు గింజలు ఉడుకుతుండగా, ఇంటి కప్పులోంచి నా కుడికాలు మోకాలి దాకా లోపలికి దిగింది. దాంతోపాటు రెండు పెంకులు, ఒక చెక్కముక్క, ఏనాటిదో కొంత మట్టి కూడా దిగాయి. పెంకులు పొయ్యి పక్కన పడ్డాయి. నా బూటు మాత్రం సరిగ్గా గింజల కుండ మీద, జానెడు ఎత్తున ఆగింది. పిన్ని గరిటె చేతిలో ఉండగానే తల పైకెత్తి, ఆ బూటును కాసేపు పరిశీలించింది.

"ఒరే ఎలియాస్, నువ్వేనా?"

"నేనే పిన్నీ."

"పువ్వు గానీ తొక్కావా?"

"లేదు."

"అయితే కాలు తియ్యి. గింజల్లో మట్టి రాలుతోంది."

ముప్ఫై దాటిన పిల్లలున్న మనిషిని నేను. ఎండలో కప్పెక్కడం నాకేమీ సరదా కాదు. ఆ పైన గ్వారియా పూసింది, దాన్ని మా పిన్నికి చూపించాలి. ఆ వారమంతా మా ఇంట్లో ఇంకో పని లేదు, ఇంకో మాట లేదు.

గ్వారియా అంటే మా ఊదారంగు ఆర్కిడ్. మా ఊరు పల్మారెస్‌లో చెట్టు కొమ్మకో, మట్టి గోడకో, పాత పెంకుల మీదో దాన్ని ఆనించి వదిలేస్తే అదే పట్టుకుంటుంది. ఎండాకాలంలో పూస్తుంది. పూసే బుద్ధి పుట్టకపోతే మాత్రం ఎవరు బతిమాలినా పూయదు. ఆ విషయంలో అదీ మా పిన్నీ ఒకటే.

పిన్ని దర్జీ. ఊళ్లో బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆవిడే కుట్టింది. ఇప్పుడు ఆ పిల్లలే మునిసిపాలిటీలోనూ, బ్యాంకులోనూ పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. అయినా వాళ్లు ఎదురుపడితే ఆవిడ మొహం చూడదు, నడుము చూస్తుంది. "రెండంగుళాలు పెరిగావు" అంటుంది, అదే పలకరింపు. ఫాదర్ గారిని కూడా అలాగే పలకరించింది. బాబాయి పోయాక ఆవిడకు మిగిలింది కుట్టు మిషను, ఈ గ్వారియా. వాటికి తోడు, పక్కింట్లో ఉన్నందుకు, నేను.

ఈ పువ్వు కప్పెక్కడానికి కారణం పక్కింటి సెనెయిదా. నాది ఒక పక్క ఇల్లయితే, ఆవిడది రెండో పక్క.

మా వైపు మొక్కను అడిగి తెచ్చుకుంటే అది బతకదని అందరికీ గట్టి నమ్మకం. దొంగిలించి తెచ్చుకోవాలి. అందుకని, నచ్చిన మొక్క ఉన్నవాళ్ల ఇంటికి కాఫీకి వెళ్లడం, వాళ్లు కప్పులు కడగడానికి లోపలికెళ్లినప్పుడు ఓ పిలక తుంచి సంచిలో వేసుకోవడం మర్యాద. ఇంటావిడ కూడా కప్పులు కాస్త నిదానంగా కడుగుతుంది. అదీ మర్యాదే. ఇందులో ఎవరికీ కోపాలు రావు.

కొన్నేళ్ల కిందట సెనెయిదా అలాగే వచ్చింది. అప్పుడు గ్వారియా పెరటి గోడ మీద ఉండేది. పిన్ని లోపలికెళ్లింది, ఈవిడ పిలక తుంచింది. ఎంతసేపని కప్పులు కడుగుతుంది? అయిపోయిందేమోనని పిన్ని కిటికీలోంచి తొంగిచూసింది. సరిగ్గా అప్పుడే సెనెయిదా తలెత్తింది. ఇద్దరి చూపులూ కలిశాయి. పిలక చేతిలో ఉండగానే సెనెయిదా నవ్వి, చెయ్యూపింది.

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు.

"దొంగతనం చేసిందని కాదురా" అని పిన్ని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. "ఎవరు చెయ్యరు? ఫాదర్ గారు చెయ్యలేదా? నేను చూస్తున్నానని తెలిసీ చెయ్యూపింది! అది ఇక దొంగతనం ఎలా అవుతుంది? నేనిచ్చినట్టే అయింది. ఆ పిలకా చచ్చింది, నా తల్లి మొక్కా అలిగింది."

సెనెయిదా వాదన ఇంకోరకం. "చూసింది కదా, పలకరించకుండా ఎలా ఉంటాను నాయనా? నేను మర్యాద తెలిసిన మనిషిని."

తల్లి మొక్క నిజంగానే పూయడం మానేసింది. ఇక ఎవరి చెయ్యీ తగలకూడదని పిన్ని దాన్ని కప్పు మీదికి, పొద్దుటెండ తగిలే తూర్పు వాలుకు ఎక్కించింది. ఎక్కించింది అంటే నన్నెక్కించింది. అక్కడ దాన్ని ఎవరూ అందుకోలేరు. అక్కడ దాన్ని ఎవరూ చూడలేరు కూడా. పిన్ని పెరడు పడమర వైపు. తూర్పున గోడకీ కంచెకీ మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టదు, అక్కణ్ణుంచి తలెత్తితే చూరు తప్ప ఏమీ కనబడదు. అది చక్కగా కనిపించేది ప్రపంచంలో ఒకే ఒక్క చోటు నుంచి. మెరక మీదున్న సెనెయిదా వరండాలోంచి.

ఆ మాట ఆ రోజే చెప్పాను. "ముందు పూయనీ" అంది పిన్ని.

ఈ ఏడు పూసింది. ఒకటో రెండో కాదు, గుత్తులు గుత్తులుగా పూసింది. వార్త తెచ్చింది చర్చిలో వ్యాకులమాత పల్లకీ అలంకరించే ఫ్లోరీ గారు. "హెర్మినియా, మళ్లీ పూస్తే తొలి పూత అమ్మకే అని మొక్కుకున్నావు కదూ? గురువారం సాయంత్రం గంట కొట్టేలోగా పంపించు, శుక్రవారం ఊరేగింపు."

"పంపిస్తాను" అంది పిన్ని. తర్వాత నావైపు తిరిగి, "కోసేలోగా నేను చూడాలి" అంది.

"కోశాక చూడొచ్చుగా?"

"కోశాక అది అమ్మది. నేను చూడాల్సింది పూసినదాన్ని, కోసినదాన్ని కాదు."

నిచ్చెన ఎక్కడానికి ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవు. ఆవిడ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. అందుకే ఫోన్లో ఫోటో తీద్దామని కప్పెక్కాను, కాలితో వంటింట్లోకి దిగాను. ఆ దిగడంలోనే తీసిన ఫోటోలో సగం నా బొటనవేలు, మిగతా సగం ఆకాశం. మూలన కొంచెం ఊదారంగు.

"ఇదెవరి పువ్వు?" అంది పిన్ని.

"నీదే."

"ఇది నీ వేలు."

సోమవారం ఇంకో ఫోటో తీశాను, ఈసారి కళ్లు చెదిరేలా వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని మరీ చూసి, "ఇన్నేళ్లూ నీచేత నీళ్లు పోయించింది ఫోన్‌కా?" అని తిరిగిచ్చేసింది. మంగళవారం వెదురు గడకు అద్దం కట్టి చూరు కింద నిలబడ్డాను. కుడికి వంచు, ఎడమకి వంచు అని ఆవిడ, చేతులు లాగేస్తున్నాయని నేను. చివరికి అద్దంలో స్పష్టంగా కనిపించింది పువ్వు కాదు, ఎదురు వరండాలో కూర్చుని చెయ్యూపుతున్న సెనెయిదా.

"దించు దాన్ని!" అని పిన్ని కేక పెట్టింది.

ఆ వరండా సంగతీ చెప్పాలి. ఆ వారమంతా రోజూ మూడింటికి అక్కడ కాఫీ సంబరం. చివెర్రె గుమ్మడికాయ పాకం నింపిన కజ్జికాయలు కూడాను. వీధివీధంతా వచ్చి కూర్చుని మా పిన్ని పువ్వు చూసి వెళుతోంది. వెళ్తూ మా గుమ్మం ముందు ఆగి, "ఎంత బాగుందండీ మీ గ్వారియా!" అని మెచ్చుకుంటారు. పిన్ని మిషను తొక్కుతూనే "ఏదో" అంటుంది. ఆ "ఏదో"లతో నాకు తల పగిలిపోయేది.

బుధవారం నాకు ఓపిక నశించింది. కంచె దాటి వెళ్లాను.

"సెనెయిదా అత్తా, ఒక్కసారి పిన్నిని పిలవకూడదూ? రేపు కోసేస్తారు."

"నేను పిలవడమేంటి? గేటుకి తాళం వేశానా? రమ్మను. పువ్వు తనది, వరండా నాది. మధ్యలో నీకేంటి నాయనా ఈ తిప్పలు? కజ్జికాయ తిను."

తిన్నాను. బాగుంది. వెనక్కొచ్చి పిన్నితో చెప్పాను.

"తాళం వెయ్యలేదంటే సరిపోయిందా? దాని ఇంట్లో, దాని కుర్చీలో కూర్చుని, దాని కాఫీ తాగి, నా పువ్వు నేను చూసుకోవాలా?"

"చూడకపోతే నష్టం ఎవరికి?"

"నీ నోటి నిండా పాకం ఉంది" అంది పిన్ని. "శత్రువు ఇంట్లో తిని వచ్చి నాకు చెప్తున్నావు."

మీ ఇద్దరి మధ్యా నేను చచ్చిపోతాను, నన్నొదిలెయ్యండి అని అరిచి ఇంటికెళ్లిపోయాను. రాత్రి అన్నం సయించలేదు. అందులో కజ్జికాయల పాత్ర ఎంతో చెప్పలేను.

గురువారం మధ్యాహ్నం కత్తెర తీసుకుని, నిచ్చెన గోడకు ఆనించి, కోయడానికి సిద్ధమై పిన్నిని పిలిచాను. పలకలేదు. లోపలికెళ్లి చూద్దును కదా, ఊరేగింపులకు వేసుకునే నల్ల గౌను తొడుక్కుని, జుట్టు దువ్వుకుని, కుట్టు మిషను ముందు వేసుకునే కుర్చీ పక్కన నిలబడి ఉంది. చేతిలో కాఫీ ఫ్లాస్కు.

"కుర్చీ ఎత్తు" అంది.

"ఎక్కడికి?"

"ఇంకెక్కడికి? దాని కుర్చీలో నేను కూర్చోను."

వీధి వీధంతా చూస్తుండగా ఆ కుర్చీ నెత్తిన పెట్టుకుని మెరక ఎక్కాను. వెనక పిన్ని ఫ్లాస్కుతో, శవయాత్రలో నడిచినంత గంభీరంగా. కాఫీకి వచ్చినవాళ్లు ఆవిణ్ణి చూడగానే ఎవరికివారు ఇంట్లో పని గుర్తొచ్చి లేచి వెళ్లారు. సెనెయిదా కజ్జికాయల పళ్లెంతో గుమ్మంలో నిలబడిపోయింది. పిన్ని ఆవిడకేసి చూడలేదు. కుర్చీ ఎక్కడ వెయ్యాలో వేలితో చూపించింది. నేను వేశాను. ఆవిడ కూర్చుంది, గౌను సర్దుకుంది, తలెత్తింది.

నల్లబడిన పెంకుల మీద, నాచు మీద, నేను పగలగొట్టిన చోటుకి కాస్త ఇవతలగా, గ్వారియా ఎండలో విరగబూసి ఉంది. ఆ రంగు ఫోటోలో రాలేదని ఒప్పుకోక తప్పదు.

పిన్ని ఫ్లాస్కు మూత తీయబోయి మరిచిపోయింది. చాలాసేపటికి నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. "ఆ అంచు కుచ్చు చూడరా" అంది, గుసగుసగా. "ఎక్కడా లాగలేదు, ఎక్కడా ముడత పడలేదు. ఏ మిషనుకి సాధ్యం?" నవ్వింది. ఫాదర్ గారి నడుము గురించి మాట్లాడేటప్పటి నవ్వు కాదది. అలా నవ్వగలదని నాకు తెలియదు. వారం రోజులుగా నాలో పేరుకున్న విసుగంతా కక్కేద్దామని నోరు తెరిచినవాణ్ణి, మళ్లీ మూసుకున్నాను.

కానీ సెనెయిదా మూసుకోలేదు. పళ్లెం బల్ల మీద టక్కున పెట్టింది.

"ఇన్నేళ్లకి నా గడప తొక్కావు. నీ కుర్చీ నువ్వే తెచ్చుకున్నావు, నీ కాఫీ నువ్వే తెచ్చుకున్నావు. నా ఇంట్లో నాకే వీపు పెట్టి కూర్చున్నావు. ఇదేం పద్ధతే హెర్మినియా?"

పిన్ని వెనక్కి తిరగలేదు.

"నువ్వూ ఓ కుర్చీ తెచ్చుకుని ఇటు రావే, అక్కణ్ణుంచి నీకు ఎడంపక్క గుత్తి కనబడదు."