టూంగాబీలో నేను మెచ్చుకున్న ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మూడోది చెప్పడం మరిచిపోయారు: ఇల్లు మెచ్చుకుని చూడు. పునాది కదపకుండా, గోడకు ఒక్క మేకైనా కొట్టకుండా, కేవలం నోటి మాటతో బంగారంలాంటి ఇంటిని దెయ్యాల కొంపగా మార్చిన ఘనత నాది. అదైనా తిట్టబోయి కాదు, మెచ్చుకోబోయి. తిట్టి ఉంటే కాస్త గౌరవంగా ఉండేది.

ఇది జరిగింది 1999 సెప్టెంబరులో, సిడ్నీలోని టూంగాబీలో. మా అమ్మాయి సుజాత ఆగస్టు అంటుంది. ఆగస్టు కాదు. ఇక్కడ ఆగస్టంటే నడి చలికాలం, ఆ చలికి నేను అన్నం తినడానికి తప్ప నోరు తెరిచేదాన్ని కాదు. కనుక ఈ ప్రమాదం ఆగస్టులో జరిగే వీలు లేదు.

అప్పుడు సుజాతా, మా అల్లుడు రఘూ ఇద్దరూ కంప్యూటర్లకు తేదీలు నేర్పే ఉద్యోగంలో ఉండేవారు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లన్నీ ఇది ఏ ఏడో తెలియక తికమక పడతాయట. ఏలూరు ట్రెజరీలో ముప్ఫయ్యేళ్లు పనిచేసిన నాకు ఒక్కనాడూ రాని తికమక! మొత్తానికి ఆ తికమక పుణ్యమా అని ఆ పేటంతా తెలుగు పిల్లలే. తేదీ దగ్గరా లెక్క దగ్గరా నేను తప్పు చెప్పనని వాళ్లలో పేరు పడింది. "లెక్కల ఆంటీ అన్నారంటే అంతే" అనేవారు. ఆ పేరే కొంప ముంచింది. మునిగింది నా కొంప కాదు, అదే బాధ.

నా పిచ్చి గురించి కూడా చెప్పాలి. పాత దెయ్యం సినిమాలంటే నాకు ప్రాణం, అదీ తెలుపూ నలుపువే. రంగులు వచ్చాక దెయ్యాలు చెడిపోయాయని నా గట్టి అభిప్రాయం. రక్తానికి రంగుంది గానీ భయానికి లేదు. ఇంటర్వెల్ లోపే దెయ్యాన్ని చూపించే దర్శకుడికి తన మీద తనకే నమ్మకం లేనట్టు. దూరదర్శన్ సీరియళ్ల రోజుల్లో భయం వారానికొక్కసారి వచ్చేది. తలుపు సగం తెరుచుకోగానే పేర్లు పడేవి, మిగతా సగం మనమే వారమంతా తెరుచుకునేవాళ్లం. ఇప్పటిలా కథంతా ఒకేసారి కూర్చుని చూసెయ్యడమంటే, ఏడాది ఆవకాయ ఒక్కపూటలో తినెయ్యడమే. భయం మిగలదు, మంట మిగులుతుంది.

సిడ్నీ వచ్చాక శనివారం మధ్యాహ్నాలు టీవీలో ఇంగ్లీషు వాళ్ల పాత దెయ్యం సినిమాలు దొరికాయి. అవి చూసి చూసి ఒక తేడా కనిపెట్టాను. మన దెయ్యానికి మనుషులతో పని: ఎవరు మోసం చేశారో వాళ్ల వెంట పడుతుంది, న్యాయం జరిగితే దణ్ణం పెట్టి పోతుంది. వాళ్ల దెయ్యానికి ఇంటితో పని. మనుషులు మారుతుంటారు, అది మాత్రం కదలదు. అందుకే వాళ్ల సినిమాలో అసలు నాయిక ఇల్లే. మెట్లు, నడవా, కిర్రుమనే నేల అన్నీ నటిస్తాయి.

ఇంత సిద్ధాంతం బుర్రలో పెట్టుకున్న మనిషిని ఎవరైనా ఇల్లు చూడ్డానికి తీసుకెళతారా? మురళి తీసుకెళ్లాడు.

మురళి మా రఘు ఆఫీసు కుర్రాడు, గుంటూరు వాడు. పెళ్లయి భార్య లావణ్య వచ్చి మూడు వారాలు. ఎనభై ఏళ్ల నాటి చెక్క పలకల ఇల్లొకటి కొంటున్నాడు.

"నిన్ననే సైన్ చేసేశామాంటీ. మనసు మారితే వెనక్కి తగ్గడానికి వచ్చే శుక్రవారం దాకా టైముంది గానీ, మాకెందుకు మారుతుంది? మావాళ్లెవరూ ఇక్కడ లేరు కదా, పెద్దవారు, మీరోసారి గుమ్మం దాటి మంచిమాట అంటే చాలు."

"అంతేకదా బాబూ, అంటాను" అన్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

గుమ్మం దాటాను. కాలి కింద నేల కిర్రుమంది. ఒక్కసారి కాదు, ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలై, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఎదురుగా పొడుగాటి నడవా. చివర ఒక గది, తలుపు సగం మూసి. నడవా పైకప్పులో, అటక మీదికి ఎక్కడానికి కాబోలు, ఒక చదరపు మూత. అది ఓ పక్కకి కొంచెం జరిగి ఉంది.

పాఠకులారా, ముప్ఫయ్యేళ్లు తెర మీద చూసిన ఇల్లు నా కాళ్ల కింద ఉంది. పెళ్లిలో బూందీ చూసిన పిల్లలా అయిపోయాను.

"అబ్బబ్బ మురళీ, ఏం ఇల్లయ్యా! అచ్చం దెయ్యం సినిమాలో ఇల్లే! ఆ మూత చూశావా? వాళ్లు కావాలని జరిపినా అంత అందంగా జరపలేరు."

"ఆంటీ..." అన్నాడు మురళి, భార్య వైపు చూస్తూ.

"ఆగు బాబూ. ఆ చివరి గది ఉందే, అసలు వ్యవహారమంతా అక్కడే జరుగుతుంది. ఇలాంటి ఇంట్లో మనిషి ఒక్కతే ఉండాలి. ఇద్దరుంటే సీను పండదు."

"ఒక్కరే ఉంటే ఏమవుద్దాంటీ?" లావణ్య గొంతు చిన్నగా వచ్చింది.

"మొదట్లో ఏమీ అవదు. అదే గొప్పతనం!"

సరిగ్గా అప్పుడే పెరట్లో నీలగిరి చెట్టు మీంచి పకపకా వికవికా ఒక నవ్వు. కూకబర్రా అని ఇక్కడో పిట్ట ఉంది, అచ్చం మనిషిలాగే నవ్వుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. వచ్చి మూడు వారాలైన పిల్లకి తెలియదు.

"చూశావా, నేపథ్య సంగీతం కూడా ఇంటితోనే ఇచ్చేస్తున్నారు!" అన్నాను.

అభిమానికి తెర కనిపిస్తుంది గానీ పక్క సీట్లో మనిషి మొహం కనిపించదు. నాకూ కనిపించలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి ఊరి మాట దేవుడెరుగు, ఒక్క ఇల్లు ఆగలేదు.

సాయంత్రం ఫోను.

"ఆంటీ, మీరేమన్నారో మీకు తెలుసా?" మురళి.

"మంచిమాట అన్నాను."

"లావణ్య ఆ ఇంట్లో అడుగు పెట్టనంటోంది. లెక్కల ఆంటీ తప్పు చెప్పరంట. మళ్లీ ఆ రేటులో ఇల్లు నాకు ఈ జన్మలో దొరకదాంటీ!"

సుజాత నా చేతిలోంచి ఫోను తీసుకుని సర్దిచెప్పి, పెట్టేసి, నడుం మీద చేతులేసుకుంది. "అమ్మా, ఎవరైనా కొనుక్కునే ఇంటిని దెయ్యం కొంప అంటారా?"

"కొంప అనలేదు. ఇల్లు అన్నాను."

"అత్తయ్యగారు చెప్పింది కరెక్టే" అన్నాడు రఘు పేపరు చాటునుంచి. "కొంప అనలేదు. కూల్చారంతే."

తప్పు నాది, దిద్దుబాటు నాదే కావాలి. ట్రెజరీ బుద్ధితో ఆలోచించాను: భయం పోవాలంటే అది ఎలా తయారవుతుందో చూపించాలి. సోమవారం మధ్యాహ్నం లావణ్యని పిలిచి, నా దగ్గరున్న క్యాసెట్లలో అతి మెత్తనిదని నాకు తోచిన సినిమా పెట్టాను.

"చూడమ్మా, ఆ తలుపు దానంతటది తెరుచుకోలేదు, వెనక తాడుంది. ఆ పొగ సాంబ్రాణి. ఆ నీడ ఎవరో టీ తాగి వచ్చి నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టు."

"మరి ఆ ఇంటి పైకప్పులో మూతెవరు జరిపారాంటీ?"

నిజంగానే ఎవరు జరిపి ఉంటారు? అబద్ధం చెప్పొచ్చు. కానీ ఒక్క ఎంట్రీ తప్పు రాస్తే మొత్తం పేజీ తప్పుతుందని నేర్చుకున్న ప్రాణం. "తెలియదమ్మా" అన్నాను. సినిమా ఇంకా పావుగంట ఉండగానే ఆ పిల్ల వెళ్లిపోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటారు. ఇక్కడ గోరుచుట్టూ నేనే, రోకలీ నేనే.

బుధవారం నేనే వాళ్ల అద్దె ఫ్లాటుకి వెళ్లాను. ఈసారి క్యాసెట్ లేదు, సిద్ధాంతం లేదు. లావణ్య కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"దెయ్యాలంటే నమ్మకం కాదాంటీ. నేను బీయస్సీ చదివాను. పొద్దున ఆయనెళ్తే చీకటి పడ్డాకే రావడం. నాకు డ్రైవింగ్ రాదు, ఎదురింట్లో ఎవరుంటారో తెలీదు. మీరా ఇల్లు చూసి, ఒక్కతే ఉంటేనే పండుద్ది అన్నారు చూడండి... ఆ ఒక్కదాన్నీ నేనే కదా."

ఇన్నేళ్లూ దెయ్యం సినిమాల మీద నాకున్న అభిప్రాయాలన్నీ కాఫీ గ్లాసు ముందు నిలబడి తలదించుకున్నాయి. తలుపులూ మెట్లూ కాదు; అక్కడ భయమేసేది మనిషి పిలిస్తే పలికేవాళ్లు లేకపోవడం. అందుకే పలికేది ఏదైనా సరే, చివరికి దెయ్యమైనా, రాగానే హాల్లో అందరం అమ్మయ్య అనుకుంటాం. ఇది తెరని చూసి నేను కనిపెట్టాల్సింది. ఆ పిల్ల చెబితే తెలిసింది.

"నేనొస్తాను" అన్నాను.

"ఎక్కడికాంటీ?"

"ఆ ఇంటికి. మధ్యాహ్నం భోజనం అవగానే నడిచొస్తాను, నాలుగింటి టీ తాగి వెళతాను. నీకు భయం పోయేదాకా."

"రోజూనా?"

"ఆదివారాలు మురళి ఉంటాడుగా."

శుక్రవారం గడువు దాటింది. ఇల్లు వాళ్లదయింది. అటక మూత జరిపింది గత యజమాని ఎలుకల మందు పెట్టబోయి అని తరువాత తెలిసింది. నాకు కొంచెం నిరుత్సాహంగానే అనిపించింది.

మాట ప్రకారం వెళ్లాను. ముందు గదిలో టీవీ పెట్టుకుని ఇద్దరం పాతవన్నీ చూసేవాళ్లం. క్రిస్మస్ దగ్గరపడేసరికి లావణ్య నాకే పాఠాలు చెప్పసాగింది: "ఇదేంటాంటీ, ఇంటర్వెల్‌కి ముందే చూపించేశాడు? చీప్‌గా ఉంది." ఆ ఊపులోనే డ్రైవింగ్ క్లాసుల్లో చేరింది. మధ్యాహ్నాలు ఆమె కారు నేర్చుకోవడానికి పోయేది. ఇంటికి తోడుగా నేను ఒక్కదాన్నే. డిసెంబరు ఎండలకి తెల్ల నేతచీర కట్టుకుని, తలారబోసుకుని, గాలి కోసం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేదాన్ని. ఒక్కోసారి కునుకు పట్టేది.

ఒకరోజు లావణ్య క్లాసు నుంచి వచ్చి, గుమ్మంలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. పెరట్లో పిట్ట కూడా సిగ్గుపడాలి.

"ఏమయిందే?"

"ఎదురింటి కెవిన్ ఆపాడాంటీ. చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాడంట. 'డియర్, యూ షుడ్ నో. నువ్వు కారెక్కి వెళ్లాక మీ కిటికీలో ఒక ముసలావిడ కనిపిస్తుంది. ఒళ్లంతా తెలుపు, జుట్టు విరబోసుకుని. అస్సలు కదలదు' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"'నో వర్రీస్ కెవిన్, ఎవర్నీ ఏం చెయ్యదు. నాలుగింటికి టీ ఇస్తే దానంతటదే వెళ్లిపోద్ది' అన్నాను."

ఆ తరువాత కెవిన్ ఆ ఇంటి ముందు గడ్డి వైపు నడవడం మానేశాడు. వీధిలో ఒకరిద్దరు పిల్లల్ని తీసుకొచ్చి దూరం నుంచి చూపించేవారని విన్నాను. ఒక్కతే ఉంటే పండుతుందన్న నా మాట అక్షరాలా నిజమైంది. లెక్కల ఆంటీ తప్పు చెప్పదు.

అందుచేత, వెలిగించిన దీపం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ గృహప్రవేశానికి పిలిచినా కళ్లు నేలకి దించుకుని వెళ్లి, పాయసం తిని, "పాయసం బాగుంది" అని మాత్రమే అని తిరిగి వచ్చేస్తాను. ఇంటి సంగతి ఎవరైనా అడిగితే, నేను చూడలేదని చెబుతాను. కిటికీ దగ్గర మాత్రం చచ్చినా కూర్చోను.