గుమ్మడి తీగకు పోసిన గంజి

పెళ్లయ్యాక వచ్చే మొదటి బతుకమ్మకు ఆడపిల్లను పుట్టింటికి పిలుస్తారు. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. ఇలాంటివి మా నాయనకు తోచవు, తోచినా ఎవరితో కబురు పంపాలో తెలియదు. అందుకని షోలాపూర్‌కు కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ ఎండబెట్టి దాచిన గుమ్మడి గింజలు నాలుగు కొంగున ముడేసుకుని వచ్చాను. మా ఊళ్లో గుమ్మడి పువ్వు నడుమ ఉండే దుద్దునే గౌరమ్మగా బతుకమ్మ మీద పెడతారు. అమ్మ గింజకు పూసిన పువ్వు పెట్టి ఆడితే పుట్టింటికి పోయినట్టే అనుకున్నాను. పదహారేళ్ల బుర్ర అంతకంటే ఏం ఆలోచిస్తుంది!

నేతగాళ్ల ఇళ్ల వరసలో మాది చివరిది. ముందు గదిలో మా ఆయన మగ్గం, ఇంటి వెనక మంచం పట్టేంత ఖాళీ జాగా. తొలి వానకు అక్కడ గింజలు పెడితే ఒక్కటే మొలిచింది. దానితో రోజూ మాట్లాడేదాన్ని. ఇంట్లో పడుగు నూలుకు గంజి పట్టించిన రోజున, గిన్నె అడుగున మిగిలిన జొన్నగంజి తీగ మొదట్లో పోసేదాన్ని. మనిషికి బలమిచ్చేది చెట్టుకు ఇవ్వదా అని నా తెలివి.

ఒకరోజు అది మా అత్త కంట పడింది. ఆమె నోట్లో ఎప్పుడూ ఆకు వక్క ఉంటుంది, సగం మాట లోపలే ఉండిపోతుంది.

"గంజి పొయ్యకు పిల్లా, ఘూస వస్తది" అంది.

నాకు "గోస వస్తది" అని వినబడింది. తల్లి లేని పిల్ల ముచ్చటపడి పెట్టుకున్న ఒక్క చెట్టు, దాని వల్ల కష్టం వస్తుందని ఈమె శాపం పెడుతుందా? ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. గంజి మాత్రం ఇంకో చెంబు ఎక్కువే పోశాను. ఎవరైనా వద్దంటే ఆ పని రెండుసార్లు చేస్తాను. ఇప్పటికీ అంతే, నా కోడళ్లను అడగండి.

బతుకమ్మ ఇంక ఇరవై రోజులుందనగా ఒక ఉదయం తీగంతా వాడిపోయి కనిపించింది. మొదట్లో నా పిడికిలి దూరేంత బొక్క, పక్కనే కుప్పగా కొత్త మన్ను. అక్కడే కూలబడి ఏడ్చాను. అత్త పరుగున వచ్చింది.

"మీరన్నట్టే గోస వచ్చింది గదా అత్తమ్మా" అన్నాను.

"గోసేంది? నేనెప్పుడన్న?" అంది. నోట్లో ఆకు ఉమ్మేసి వచ్చింది. "ఘూస అన్న పిల్లా. పందికొక్కును ఈడోళ్లు గట్లనే అంటరు. గంజి వాసనకు వస్తదని చెప్పిన. గిందుకేనా ఇన్ని దినాలు నాతోని మాట్లాడలే?"

తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మట్టిలో కూర్చుంది. వేళ్లతో మెల్లగా తవ్వి చూసి, వేరు సగమే తెగిందని చెప్పింది. బొక్కలో గాజు పెంకులు కుక్కి మట్టితో మూసింది. మగ్గం మూలన పడి ఉన్న పాత పన్నెలు తెమ్మంది. పడుగు పోగులను విడివిడిగా నిలిపే ఇనప పళ్ల చట్రాలు అవి. వాటిని తీగ చుట్టూ మూరెడు లోతున నిలబెట్టి పాతాం. పందికొక్కు తవ్వుకుంటూ వచ్చినా పళ్లకు ఇనుమే తగలాలి. తర్వాత తీగను నేల మీదికి దించి, రెండు కణుపులను తడిమన్నుతో కప్పి, అక్కడ కొత్త వేర్లు దిగుతాయంది.

"ఇగ గంజి నాకు పొయ్యి, చెట్టుకు నీళ్లు పొయ్యి" అంది చేతులు దులుపుకుంటూ. నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఎంత మంచి మనిషిని ఎన్ని రోజులు దూరం పెట్టానో అని సిగ్గేసింది.

సగం తీగ ఎండిపోయింది. కణుపు దగ్గర చిగురు వేసి, చివరి రోజు సద్దుల బతుకమ్మకు నాలుగు రోజులుందనగా ఒక్క మొగ్గ కనిపించింది. తెల్లవారగానే ఇద్దరం పోయి దాన్ని చూసొచ్చేవాళ్లం. మొగ్గ విచ్చుతుందా, రాలుతుందా అన్న భయంతో నాకు అన్నం సయించలేదు.

సద్దుల బతుకమ్మ పొద్దున అది విచ్చింది. ఏటా పెట్టే అలవాటు కొద్దీ అత్త అప్పటికే పసుపు ముద్దతో గౌరమ్మను చేసి తమలపాకులో ఉంచింది. నా చేతిలో పువ్వు చూసి, ఆ పసుపు ముద్దను ఆకుతో సహా పక్కకు జరిపింది.

"మీ అమ్మ ఎట్ల పెడుతుండె? చూపియ్యి, నాకు తెల్వదు" అంది.

ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో బతుకమ్మ పేర్చిన మనిషి ఆమె. రేకలు తీసి, దుద్దుకు పసుపు కుంకుమ అద్ది, అమ్మ పెట్టినట్టే పెట్టాను. అత్త వంగి శ్రద్ధగా చూసింది.

"ఇంకోసారి చూపియ్యి" అంది.