ఎర్ర పోగు లేని పదకొండు రోజులు

రాజమల్లు ఎడమ చేతి వేళ్లతో పడుగు పోగుల్ని ఎత్తిపట్టి, అంచు దగ్గర రెండంగుళాల మేర ఎర్ర నూలు దూర్చాడు. దాన్ని వెనక్కి తిప్పి, ఇనుప పంజాతో గట్టిగా దిగ్గొట్టాడు. దెబ్బకో మాట పడింది.

"ఐ. పాస్. ది. థ్రెడ్."

కాలితో తొక్కుడు పలక నొక్కాడు. ఎడమ మోకాలు కలుక్కుమంది.

"ఐ. ప్రెస్. ది. పెడల్."

పొద్దున్నే ఆరున్నర. కొత్తవాడలోని చేనేత సొసైటీ షెడ్డులో మిగతా మగ్గాలు ఇంకా మొదలుకాలేదు. కాస్త అవతల గోడకు ఆనుకుని అతని భార్య కమల రాట్నం మీద నూలు చుడుతోంది. గుమ్మం ముందు నుంచి పోతున్న నేతగాడొకడు తల లోపలికి పెట్టాడు.

"ఏం మల్లన్నా, మగ్గానికి ఇంగ్లిష్ నేర్పుతానవా?"

"నేర్పుతాన. నీకంటే జల్ది వస్తాంది దానికి."

నవ్వుతూనే అని మళ్లీ పంజా అందుకున్నాడు. నలభై ఏడేళ్లొచ్చాయి. ముప్పై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్నాడు. ఈ మోకాలితో మగ్గం ఇంకో ఏడాదికి మించి తొక్కలేవని డాక్టరు చెప్పేశాడు. హన్మకొండలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కావాలని బావమరిది కబురు పంపాడు. గేటు పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బండ్లను చూడటం తలుచుకుంటేనే రాజమల్లుకు చేతులు చచ్చుబడినట్టు ఉంటుంది.

దానికి బదులు దారి ఒక్కటే కనిపించింది. చేతిపనులు నేర్పే శిక్షణ కేంద్రానికి జంపఖానా నేత నేర్పే మనిషి కావాలి. అక్కడికి వచ్చే పిల్లలు నానా రాష్ట్రాల వాళ్లు. పని ఇంగ్లిష్‌లో చెప్పగలగాలి. కేంద్రం వాళ్లు వచ్చి అతని మాట వింటారు, అతను నేసిన నమూనా పట్టుకుపోతారు. నేర్పేది చేతులతో అయినా నోరు కావాలట.

పక్క గల్లీలో ఉండే ఉజ్మా ప్రైవేటు బడిలో టీచరు. ఆదివారాలు తన ఇంటి వరండాలో పెద్దవాళ్లకు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతుంది. ఆమె పెట్టిన నియమం చిన్నది. రోజూ పావుగంట, బయటికి వినబడేట్టు. ఒకరోజు తప్పితే మర్నాడు అరగంట చేయకూడదు, మళ్లీ పావుగంటే.

"నిన్నటి బువ్వ గూడ ఇయ్యాల్నే తింటవా కాకా? గిది గూడ గంతే."

చేసిన ప్రతి రోజుకూ నోట్‌బుక్కులో టిక్కు పెట్టుకోమంది. రాజమల్లుకు పెన్నుతో పొత్తు తక్కువ. నమూనా కోసం రోజూ సొసైటీ పనికి ముందు గంటసేపు తెలుపూ నీలమూ కలిపి నేస్తున్న జంపఖానాలోనే గుర్తు పెట్టుకున్నాడు. పావుగంట మాట్లాడిన రోజున ఎడమ అంచులో ఒక ఎర్ర పోగు. ముప్పై రెండు రోజులు, ముప్పై రెండు ఎర్ర పోగులు. నిచ్చెన మెట్లలా పైకి లేచాయి.

ఆ తర్వాతి ఆదివారం ఉజ్మా అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది.

"చేతులు కట్టుకోని జెప్పు కాకా. ఆఫీసుల గట్లనే కూసోవెడ్తరు."

"ది వార్ప్ ఈజ్ కాటన్," అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. కాలు దానంతటది నేలను తొక్కింది. నేల కిందికి పోలేదు. కుడిచెయ్యి పంజా కోసం వెతికింది. రోజూ గలగలా వచ్చే మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు.

"మల్లన్నకు మగ్గం తెప్పియ్యాల్నా మేడం?" అంది అతనితోపాటే నేర్చుకుంటున్న, బ్యూటీపార్లరు నడిపే స్రవంతి. అందరూ నవ్వారు. ఆమె మాటలో కుళ్లేమీ లేదు. అయినా రాజమల్లు చెవులు వేడెక్కాయి. ముప్పై రెండు రోజులుగా తాను నేర్చుకున్నది ఇంగ్లిష్ కాదు, మగ్గం చప్పుడు. మగ్గం ఆపితే మాటా ఆగిపోతుంది.

మర్నాడు నోరు మూసుకుని నేశాడు. ఆ మర్నాడూ అంతే. జంపఖానా పెరుగుతూనే ఉంది, అంచు తెల్లగా పోతోంది. బావమరిది మళ్లీ ఫోన్ చేస్తే, కాదనకుండా, "సూద్దాం" అన్నాడు.

పదకొండో రోజున కమల రాట్నం ఆపింది.

"ఏందయ్యా, మగ్గం ఒక్కతే మాట్లాడ్తాంది?"

"నాతోని కాదే. వచ్చినట్టే వచ్చి పోయింది."

"గది సరే. 'ఐ బీట్ విత్ పంజా' అయినంక ఏందది? పొద్దుగాల్నుంచి తండ్లాడుతాన, యాదికొస్తలేదు."

రాజమల్లు చెయ్యి గాలిలోనే ఆగింది. "నీకెట్ల వచ్చు?"

"రోజు చెవుల పోస్తివి గద! ఎట్ల రాదు?"

"నౌ ది లైన్ ఈజ్ టైట్," అన్నాడు మెల్లగా.

"ఆఁ, టైట్! నువ్వు ఆపితే నా సదువు గూడ ఆగిపాయె."

ఆ సాయంత్రం ఉజ్మా ఇంటి ముందు చెప్పులు విప్పి తల వంచుకుని నిలబడ్డాడు. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. పావుగంటను విడగొట్టింది. అయిదు నిమిషాలు మగ్గం తొక్కుతూ, పది నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆ పది నిమిషాల్లో బట్టీ పట్టింది చెప్పొద్దు, కళ్ల ముందు ఏది ఉంటే అది చెప్పాలి.

"తప్పులొస్తయి బిడ్డా."

"రానీ కాకా. పోగు తెగితే మగ్గం ఇడిసిపెట్టి పోతవా? ముడేసుకుంట నేస్తవు. గట్లనే మాట్లాడు. ఫికర్ జేయకు."

మర్నాడు మగ్గం ఆగిన షెడ్డులో తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది. "కమల ఈజ్ సిట్టింగ్. డాగ్ ఈజ్ కమింగ్."

"నన్ను, కుక్కను ఒక్కతాన్నే జెప్తానవేంది?"

"ఇద్దరే గదా కనబడ్తాండ్రు."

ఎర్ర పోగు మళ్లీ పడింది. ఒక్కోరోజు పది నిమిషాల్లో నాలుగు వాక్యాలు కూడా రాలేదు. అయినా పోగు వేశాడు. మాట్లాడినందుకే పోగు, బాగా మాట్లాడినందుకు కాదు.

పరీక్షకు ముందు రోజు సొసైటీ సూపర్‌వైజర్ శ్యాంసుందర్ వచ్చి జంపఖానా మీదికి వంగాడు. ముఖం మాడిపోయింది.

"ఇదేంది మల్లన్నా? అంచుల ఈ ఎర్ర గీతలేంది? నడుమల గింత మేరేమొ ఉత్తగ తెల్లగున్నది? సాంపిల్ ఖరాబు జేసినవ్ గద! రేపొచ్చేటోళ్లు ఏమంటరు?"

రాజమల్లు కూడా అంచు మీదికి వంగాడు. రెండు నెలలుగా ఆ గీతలు గుర్తులనే అనుకున్నాడు తప్ప, నమూనాలో లోపమని ఒక్కసారీ తోచలేదు. ముప్పై ఏళ్లుగా నేస్తున్నవాడు చేసే తప్పేనా ఇది? విప్పాలంటే మొత్తం విప్పాలి. ఇంక ఒక్క రోజు. ఆ పూట అన్నం సయించలేదు.

తెల్లారి పదకొండింటికి శిక్షణ కేంద్రం నుంచి ముగ్గురు వచ్చారు. తెల్లజుట్టు మేడంకు తెలుగు రాదు. ఆఫీసు గదిలో కుర్చీ చూపించారు. రాజమల్లు కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి నాలుగు వాక్యాలు వచ్చాయి. అయిదోది సగంలో తెగింది. మేడం పక్కనున్నాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మేడం లేచి, పని చూద్దామన్నట్టు తలుపు వైపు చెయ్యి చూపింది. అయిపోయిందనుకున్నాడు రాజమల్లు.

మగ్గం ముందు ఆమె డిజైను వైపు ఎక్కువసేపు చూడలేదు. ఎడమ అంచు మీద వేలు పెట్టి, కింది నుంచి పైకి జరుపుకుంటూ పోయింది. తెల్లగా ఉన్న చోట వేలు ఆగింది. ఇదేమిటని ఇంగ్లిష్‌లో అడిగింది.

శ్యాంసుందర్ గోడ వైపు తిరిగాడు. గుమ్మం దగ్గర కమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇది రాజమల్లు బట్టీ పట్టిన వాటిలో లేదు. మగ్గం ముందు కూర్చున్నాడు గానీ మగ్గం ఆగి ఉంది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"వన్ రెడ్, వన్ డే," అన్నాడు. "ఐ స్పీక్ ఇంగ్లిష్, ఐ పుట్ రెడ్. ఎవ్రీడే ఫిఫ్టీన్ మినిట్స్."

ఆమె వేలు తెల్ల అంచు మీదే ఉంది. "హియర్?"

"హియర్ నో స్పీక్, మేడం. ఐ ఫియర్. ఐ థింక్, ఇంగ్లిష్ నాట్ ఫర్ మీ. లెవెన్ డేస్." గుమ్మం వైపు తలూపాడు. "దెన్ మై వైఫ్ ఆస్క్. దెన్ అగైన్ రెడ్. సీ."

ఆమె గుమ్మం వైపు చూసింది. కమల తల దించుకుంది. మేడం మగ్గం పక్కన కూర్చుని ఒక్కొక్క పోగూ పైదాకా లెక్కపెట్టింది. తర్వాత నెమ్మదిగా, అతనికి అందేట్టు చెప్పింది. నేర్చుకోవడానికి వచ్చే ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఇట్లాంటి పదకొండు రోజులు వస్తాయి, ఇది తరగతి గోడకు ఉండాలి, మీరు ఒకటో తారీఖున రండి.

సరిగ్గానే అర్థమైందా అన్న అనుమానంతో రాజమల్లు "ఫస్ట్ డేట్? మీ?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆమె తలూపింది.

ఈ రోజు పోగు ఇంకా పడలేదు. ఎర్ర నూలు అందుకుని అంచులో దూర్చి, పంజాతో దిగ్గొట్టాడు. తర్వాత కత్తెర తీసుకుని పడుగు కోశాడు. చివరి పోగుల్ని నాలుగేసి చొప్పున పట్టుకుని తొందరపడకుండా ముళ్లు వేశాడు. జంపఖానా దులిపి, ఎర్ర అంచు పైకి కనబడేట్టు మడతపెట్టి, రెండు చేతులతో మేడం చేతుల్లో పెట్టాడు.