తీగ మొదలున్న కార్డు

పోయిన వారం స్టేషన్ రోడ్డులోని బైండింగ్ దుకాణం వాళ్లు షట్టరు శాశ్వతంగా దించేస్తున్నామని చెప్పి, మిగిలిపోయిన ఒక పూల కాగితాన్ని పాత దినపత్రికలో చుట్టి మా ఇంటికి పంపించారు. జనగామలో ఇప్పుడు రిజిస్టర్లు కుట్టించుకునేవాళ్లు లేరు, చినిగిన పుస్తకానికి అట్ట వేయించేంత ఓపిక అసలే ఎవరికీ లేదు. ఆ దుకాణం పెట్టిన చాచా పోయి రెండేళ్లయింది. ఆయన కొడుకు ఫోన్ చేసి, "అమ్మా, ఇది మీ అక్కకని మా అబ్బా తీసిపెట్టిండు. అమ్ముకోబుద్ధి కాలె" అన్నాడు. కాగితం విప్పి బల్ల మీద పరిచాను. లేత పసుపు మీద ఆకుపచ్చ తీగ. ఎడమ చివర ఒక కుదురు, అక్కడి నుంచి కుడి చివరిదాకా ఎక్కడా తెగకుండా పాకిన కొమ్మలు, వాటికి ఎర్రటి మొగ్గలు. ఇలాంటి కాగితం కనబడితే మా అక్క చేసే మొదటి పని వేళ్లతో దాన్ని ఆరు భాగాలుగా కొలుచుకోవడం. నాకు తెలియకుండానే నా వేళ్లూ అదే పని చేశాయి.

మేము ఆరుగురం. పెద్దన్న భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేసేవాడు. ఆయన తర్వాతది మా అక్క. బావ చిన్నవయసులోనే పోతే జనగామకు వచ్చి, అంగన్‌వాడీ టీచరుగా చేసుకుంటూ మా పక్క వాటాలో ఉండిపోయింది. ఆ తర్వాత మహబూబాబాద్ అన్న, పాలకుర్తిలో ఒక అక్క, కొత్తగూడలో ఒక అక్క, చివరికి నేను. అక్కలు ముగ్గురైనా నాకు అక్క అంటే జనగామ అక్కే. మిగతా ఇద్దరినీ ఊరి పేరు పెట్టి పిలవడం మా ఇంటి అలవాటు, వాళ్లకు దాని మీద కోపం కూడా ఉంది. దసరానాడు చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాలి, పెద్దవాళ్లు దీవించి ఆ ఆకే తిరిగి చేతిలో పెట్టాలి. ఏడాది పొడుగునా మాట్లాడుకోనివాళ్లు కూడా ఆ పూట ఆకు పెట్టి కలిసిపోతారు. అయితే ముందు కదలవలసింది చిన్నవాళ్లే. ఆరుగురం ఆరు దిక్కులైపోయాక ఒకరి గడప ఒకరం తొక్కడం కుదరలేదు. అందుకని మా అక్క కార్డులు మొదలుపెట్టింది. ఒక్కో కార్డులో నాలుగు జమ్మి ఆకులు దారంతో కుట్టి, పండుగ మరునాడు పోస్టులో వేయించేది.

కార్డులు ఆరూ ఒకే కాగితంలోంచి రావాలి. అది ఆమె నియమం. తీగ మొదలైన ముక్క పెద్దన్నకు, దాని పక్కది తనకు, అలా పుట్టిన వరసన చివరి ముక్క నాకు. ఆరు కార్డులనూ పక్కపక్కన పెడితే తీగ మళ్లీ అతుక్కోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆమె ఊరుకునేది కాదు, నా ముక్కలో సగం తెగిన పిట్ట తల ఒకసారి మిగతా సగాన్ని కొత్తగూడలో వదిలేసి వచ్చిందని రెండు రోజులు బాధపడింది. కవర్లు కూడా తానే చేసేది, లోపలి అస్తరు అదే కాగితం తునకలతో. మైదాపిండి బంకలో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని చాచా చెప్పాడట. నేను కొనుక్కొచ్చిన చీరల అట్టపెట్టెలన్నీ ఏమైపోతున్నాయో చాలాకాలం నాకు తెలియలేదు, తర్వాత చూస్తే ఒక్కొక్కటి ఒక్కో దసరాకు కార్డుల మధ్య బిరుసుకోసం పోయింది. అడిగితే, "చీర కట్టుకుంటవు గాని పెట్టె కట్టుకుంటవా పిల్లా" అనేది. కాగితం మడవడం నేర్పింది చాచాయే. "బేటీ, కాగితానికి గూడ నరం ఉంటది. నరం ఎంబడి మలిస్తె మలుగుతది. అడ్డం మలిస్తె ఇరుగుతది. ముందుగాల చెయ్యి పెట్టి అడుగు, అదే చెప్తది" అనేవాడు. అక్క కళ్లు మూసుకుని కాగితాన్ని అటూ ఇటూ వంచి చూసి, వెదురు బద్దతో ఒక్క గీత గీసేది. ఆ గీత మీద కాగితం చెప్పినట్టు వినేది. మా అక్కకు కాగితం నరం అంత బాగా తెలుసు. మనుషుల దగ్గర మాత్రం ఒకసారి తప్పింది.

మా నాయిన పోయిన రోజు పెద్దన్న పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. బాయిలో దిగినవాళ్లకు ఫోన్ అందదు. పైన ఆఫీసులో చెప్పాం, చెప్తామన్నారు. మధ్యాహ్నం దాటింది, దాయాదులైన పాలివాళ్లు తొందరపెట్టారు. పొద్దు గుంకకముందే కానిచ్చేయాలని అక్కే గట్టిగా అన్నది. మహబూబాబాద్ అన్న తలకొరివి పెట్టాడు. దీపాలు పెట్టే వేళకు పెద్దన్న దిగాడు. చెవుల వెనుక బొగ్గు నలుపు అలాగే ఉంది. "నా కోసం ఒక్క గంట ఆగకపోయిండ్రా? నాయిన మొఖం సూడనియ్యకపోతిరి" అన్నాడు. అక్క అలసిపోయి ఉంది, ఏడ్చి ఉంది. అయినా ఆ మాట అనవలసింది కాదు. "బాయిల దిగినోడివి, నువ్వు ఎప్పుడు పైకొస్తవో ఎవరికెరుక" అన్నది. బొగ్గుబాయి మనిషి ఇంట్లో ఆ మాట పొరపాటున కూడా ఎవరూ నోటికి రానివ్వరు. పక్కనే ఉన్న వదిన చెవులు మూసుకుంది. పెద్దన్న చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. పెద్దకర్మకు వచ్చాడు, అక్క వైపు చూడలేదు.

ఆ దసరాకు కాగితం కోసేటప్పుడు ఐదు ముక్కలే చేస్తుందేమో అనుకున్నాను. ఆరూ కోసింది. పెద్దన్న కార్డును మిగతావాటిలాగే మడిచి, కవరులో పెట్టి, ఏమీ రాయకుండా, జమ్మి కుట్టకుండా దొంతరలో అన్నిటికంటే పైన ఉంచింది. "పంపనిది ఎందుకు అక్కా" అంటే, "ఆయనది తీగ మొదలు. అది కొయ్యకుంటే మిగిలింది ఎక్కడికెళ్లి వస్తది" అన్నది. దాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టమని నాకిచ్చింది. చిరునామాలు రాయడం, పోస్టులో వేయడం ఎప్పుడూ నా పని, నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని. మరుసటి ఏడూ అంతే, ఆ మరుసటి ఏడూ అంతే. పైకవరు డబ్బాలోకి, నాదీ ఆమెదీ ఇంట్లో, మిగిలిన మూడు పోస్టుకు. పదకొండేళ్లు అలా చేశాను. ఇద్దరి మధ్యా సర్దిచెప్పాలని నాకు తోచకపోలేదు, కాని రెండిళ్లకూ పోయి వస్తూ ఇద్దరితోనూ మంచిగా ఉండటం నాకు సుఖంగా ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

పోయిన దసరానాటికి అక్కకు మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు హనుమకొండ దవాఖానకు తీసుకుపోయేవాళ్లం. చేతులు వాచి కత్తెరలో వేలు పట్టకపోయినా కార్డులు తానే చేసింది, నన్ను ముట్టనియ్యలేదు. పండుగ మరునాడు పొద్దున్నే ఆటో వచ్చి నిలబడింది. చెప్పులు వేసుకుంటూ, "కవర్లు బల్ల మీద పెట్టిన. పోస్టుల ఏసి రా, నేను మెల్లగ ఆటో ఎక్కుత" అన్నది. నేను గబగబా మూడు చిరునామాలు రాశాను. పైకవరు చూడకుండానే డబ్బాలో వేసి మూత పెట్టాను. అన్ని ఏళ్లూ ఆ పైకవరు పలచగా ఉండేది, ఆకులు ఉండవు గనక. ఆ రోజు అది పలచగా లేదు. చేతికి తెలిసే ఉండాలి. ఆటో హారన్ కొడుతోంది, నా మనసంతా దవాఖాన చీటీల మీద ఉంది.

తర్వాత పది పదిహేను రోజులు అక్క పోస్టు సంగతి అడుగుతూనే ఉంది. "ముట్టి ఉంటయా" అనేది. "ముట్టుంటయి, ఎక్కడికి పోతయి" అనేదాన్ని. పాలకుర్తి నుంచి ఫోన్ వచ్చింది, మహబూబాబాద్ నుంచి వచ్చింది, కొత్తగూడలో సిగ్నల్ ఉండదు గనక వాళ్లది నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. ప్రతి ఫోనూ మాట్లాడి పెట్టేశాక అక్క దాన్ని దిండు పక్కనే ఉంచుకునేది, నేను చార్జింగ్ పెడతానంటే ఒప్పుకునేది కాదు. ఒకరోజు అన్నం కలుపుతూ ఉంటే తనలో తాను అనుకున్నట్టు, "ఎవరి మనసు వాళ్లది. నేనైతే నా పని చేసిన" అన్నది. కొత్తగూడ అక్క చూడడానికి రాలేదని అంటోందనుకున్నాను. సముదాయించాను కూడా.

మాఘమాసంలో పోయింది. దానికి రెండు రోజుల ముందు నా చెయ్యి పట్టుకుని, "అన్న వచ్చేదాక నన్ను ఎత్తకుండ్రి. ఎంత పొద్దయినా ఆగుండ్రి" అన్నది. ఆగాం. పాలివాళ్లు గొణిగారు, పొద్దు గుంకుతుందన్నారు, నేను గడపకు అడ్డంగా కూర్చున్నాను. పెద్దన్న వచ్చి చాలాసేపు ఆమె కాళ్ల దగ్గర నిలబడి మొహం చూశాడు. పాడె మోశాడు.

కాగితం వచ్చిన రోజు వెదురు బద్ద కోసం బిస్కెట్ల డబ్బా తెరిచాను. కవర్లు వరసగా ఉన్నాయి, పైనున్నది కాస్త ఉబ్బుగా ఉంది. అతికించి ఉంది. మిగతా పదకొండూ అతికించనివి. దాని మీద పెన్సిలుతో చిన్నగా 'అన్నకు' అని ఉంది, చిరునామా కోసం కింద చోటు వదిలి. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. అడిగినప్పుడల్లా ముట్టి ఉంటాయని నేనే చెప్పాను.

మరునాడు హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. పెద్దన్న రిటైరయ్యాక మనిషి సగమయ్యాడు, మెట్టు ఎక్కితే ఆయాసం. వదిన మంచినీళ్లు ఇచ్చింది. నేను తాగకుండానే డబ్బా ఆయన ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన కవరు చించలేదు. వదినను సూది అడిగి, అంచు నెమ్మదిగా లేపి తీశాడు. ఆకులు దారానికి ఉన్నాయి గాని ఎండి గోధుమరంగైపోయాయి. లోపల అక్క వంకరటింకర రాత. "అన్నకు జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతున్న. నాయిన కాడ ఆగాల్సి ఉండె. ఆ మాట అనకుండాల్సి ఉండె. వస్తవని సూస్త. నీ చెల్లె."

చదివి, కార్డు మడిచి, "ఇది నాకు ముట్టలేదని దానికి తెలుసా" అని అడిగాడు.

"తెల్వది అన్నా."

"అయితే నేను సదివి గూడ రాలేదనుకొని పోయింది."

వదిన నా భుజం మీద చెయ్యి వేసి, "ఇది గాని ముట్టి ఉంటే మీ అన్న ఆ పూటనే బస్సెక్కుతుండె. 'పెద్దోడిని, నేనెట్ల ముందు పోత, అది ఒక్క ఆకు పెడితే సాలు' అని ఏటా అనెటోడు" అన్నది. ఆ మాట అక్క చెవిన పడవలసింది. ఏటా ఆ ఇంటికి పోయి వచ్చినదాన్ని నేను, ఆ మాట నాకు కొత్త కాదు. ఇద్దరి మధ్యా మాటలు మోస్తే మాట నామీదికి వస్తుందని ఎప్పుడూ మోయలేదు.

పెద్దన్న డబ్బాలోని మిగతా కవర్లు కూడా తీశాడు. పన్నెండు కార్డులనూ మంచం మీద పరిచాడు. పన్నెండూ తీగ మొదళ్లే, ఏ ఒక్కటీ పక్కదానితో కలవదు. "రాయనియి గూడ కోసిందా" అన్నాడు. కోసింది అన్నాను. "ఏటా?" ఏటా అన్నాను. అప్పుడు ఏడ్చాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, ఊరడించనూ లేదు. ఆకులు దారం నుంచి తీయబోతే రెండు పొడైపోయాయి. మిగిలిన రెండింటిని కళ్లకద్దుకుని, ఎవరూ లేనివైపు చెయ్యి ఎత్తి దీవించాడు. ఆ దీవెన ఆకును తిరిగి పెట్టవలసిన చెయ్యి లేక, కాసేపు పట్టుకుని ఉండి, చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను బయలుదేరేటప్పుడు, "ఈయేడు నువ్వు కోస్తవా" అని మాత్రం అడిగాడు.

నిన్న కోశాను. కళ్లు మూసుకుని కాగితం వంచి చూశాను, రెండుసార్లు తప్పు గీత పడింది, అక్క ఉంటే పడనిచ్చేది కాదు. ఆరు ముక్కలూ చేశాను. తీగ మొదలున్న కార్డుకు కవరు మీద ఇప్పుడే భూపాలపల్లి చిరునామా రాసి పెట్టాను, జమ్మి దొరకడమే ఆలస్యం. దాని పక్క ముక్క, అక్కది, ఏమీ రాయకుండా మడిచి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. అది లేకుంటే మిగతాది కలవదు. నాయిన దగ్గర అక్క ఒక గంట ఆగలేకపోయింది, ఆటో దగ్గర నేను ఒక నిమిషం ఆగలేకపోయాను. మా ఇంట్లో ఆగడం తెలిసింది డబ్బాలో పడి ఉన్న ఆ కాగితానికే, మేము దాని దగ్గరికి వచ్చేసరికి దీవించే చెయ్యి ఉంది, దీవెన అందుకునే చెయ్యి లేదు.