పేరు చెక్కిన గ్లాసు

వికారాబాద్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే విశ్వనాథం సారుకు ఎంగిలంటే ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే తుంపర్లు పడతాయని రెండడుగులు వెనక్కి జరుగుతాడు. బయట ఎక్కడ నీళ్లిచ్చినా తలెత్తి పైనుంచి గొంతులో పోసుకుంటాడు. పెదవి ఆనించేది తాండూరులో తన ఇంట్లోనే, తన పేరు చెక్కించుకున్న స్టీలు గ్లాసుకు మాత్రమే.

అలాంటి సారుకు పిల్లలకు డీఎన్ఏ చూపించే కర్మ పట్టింది. వాళ్లతో ఉప్పునీళ్లు పుక్కిలింపజేసి గాజు గొట్టాల్లో ఉమ్మించి, సబ్బునీళ్లు, చల్లటి స్పిరిటు పోయిస్తే తెల్లటి పోగులు పైకి తేలాయి. "మనిషికీ మనిషికీ తేడా అంతా దీంట్లనే ఉంటది" అన్నాడు ముక్కు మూసుకుని. మోమిన్‌పేట్ నుంచి వచ్చే భాగ్య పట్టుబట్టింది: "సార్, జర మీది గూడ చూపెట్టుండ్రి." తప్పక, గోడవైపు తిరిగి తానూ ఉమ్మాడు. పోగులు తేలాక పిల్లలు గొట్టాలన్నీ ఎత్తి చూసి, ఎక్కడ పడితే అక్కడ పెట్టేశారు.

"మీదేది సార్?" అంది భాగ్య.

సారు వంగి వంగి చూశాడు. అన్నింట్లోనూ అదే చీమిడి లాంటి తెలుపు. "ఛీ, అన్నీ పారబొయ్యుండ్రి!" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో, తన పేరున్న గ్లాసును పెదవి దాకా తెచ్చి ఆగిపోయాడు. తలెత్తి, పైనుంచి పోసుకున్నాడు.