ఓనర్ ఇన్సూరెన్సూ, మా మగ్గమూ

ధర్మవరంలో అద్దె ఇల్లు దొరకడం కష్టం కాదు, గుంత తవ్వనిచ్చే ఓనర్ దొరకడమే కష్టం. మా ఆయనది గుంత మగ్గం. కాళ్లు కిందికి వదిలి కూర్చుని నేయాలి కాబట్టి నట్టింట్లో మోకాలు దాటే లోతు గుంత ఉండాల్సిందే. మూడిళ్లు తిరిగాక ఒకాయన ఒప్పుకున్నాడు. తవ్వేటప్పుడు పక్కనే నిలబడ్డాడు, సిమెంటు కూడా తనే తెప్పించాడు. అప్పటి నుంచి నా బుర్రలో ఒక లెక్క కుదిరిపోయింది. గుంత ఇంటిది, మగ్గం గుంతలో ఉంది, కాబట్టి మగ్గానికి ఏమైనా అయితే ఓనర్ ఇన్సూరెన్సే చూసుకుంటుంది. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను.

మా తమ్ముడు పెనుకొండలో అద్దె రూములో ఉంటూ ఎర్రమంచి ఫ్యాక్టరీకి పోతుంటాడు. ఒక ఆదివారం వచ్చి ఈ మాటే ఎత్తాడు.

“అక్కా, ఓనర్ పాలసీ గోడలకూ కప్పుకూనే. లోపలుండే సామాన్లకు అద్దెకున్నోళ్లే తీసుకోవల్ల. నేనూ తీసుకున్న్యా. మగ్గం మీదుండే పట్టు మీది కాదు, షావుకారుది. అది కూడా ఫారంలో విడిగా రాయించల్ల.”

“ఏమబ్బా, నాలుగు స్టీలు గిన్నెలకు ఇన్సూరెన్సా? ఫ్యాక్టరీలో చేరినాక శానా తెలివొచ్చినట్టుండాదే నీకు!”

వాడి ముఖం చిన్నబోయింది. కాఫీ ఇచ్చి పంపించేశాను. ఆ సంగతి మా ఆయనకు చెప్పలేదు. చెబితే తీసుకుందామంటాడు. ఎవరేం చెప్పినా సరేననే మనిషి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ వానలప్పుడు మగ్గం మీద పెళ్లిచీర ఉంది. హిందూపురం పెళ్లివాళ్లు షావుకారుకు చెప్పి నేయిస్తున్నది. పట్టూ జరీ ఆయనవి, నేత మాది. పెళ్లి పదిరోజులుంది, చీర సగం అయింది. అది చేతికి అందకపోతే ఆయన మాకు మళ్లీ పని ఇవ్వడు. ధర్మవరంలో ఒక షావుకారు వద్దన్నాడంటే పక్క షావుకారు ఎందుకని అడుగుతాడు.

రెండు రోజులుగా ముసురు. మూడో రోజు మధ్యాహ్నం వీధి కాలువ పొంగింది. నేను గోనెసంచులు మడిచి గడపకు అడ్డం పెట్టి, చీపురు పట్టుకుని కాపలా కూర్చున్నాను. గడప దాటి చుక్క రాలేదు. గెలిచాననుకున్నాను.

“మే, కాళ్లు తడుస్తాండాయి” అన్నాడు మా ఆయన లోపలి నుంచి.

నీళ్లు గుంత అడుగు నుంచి ఊరుతున్నాయి. బకెట్‌తో తోడాను. తోడినకొద్దీ వస్తున్నాయి. కరెంటు మెయిన్ ఆపేశాం. గదంతా చీకటి, గుంత నిండి నీళ్లు ఆయన తొడలకు తగులుతున్నాయి. పడుగు, అంటే నిలువు పట్టుదారాలు, గది ఆ మూల నుంచి ఈ మూలకు బిగించి ఉంది, ఎత్తి పక్కన పెట్టేది కాదు. కోస్తే చీర పోతుంది. కోయకపోతే మిగిలిన పట్టూ పోతుంది.

“కొయ్యి” అన్నాను.

కత్తెర పట్టుకున్నాడు గానీ కోయలేదు. “ఇంకొంచెం చూద్దాం మే.”

“ఇంకేం చూస్తావు, మునిగేదాకానా?” అని కత్తెర లాక్కుని నేనే కోశాను. బిగువు వదిలిన పట్టు ఒక్కసారిగా జారిపోయింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. అప్పటికే నేసిన సగం, ఒడి దగ్గర చీర చుట్టుకునే దోనె మీద నానిపోయి ఉంది. ఆరాక చూస్తే జరీ నల్లబడింది.

రెండు రోజులకు ఓనర్ ఇన్సూరెన్స్ మనిషి వచ్చాడు. గోడలు ఫోటో తీసుకున్నాడు, పగిలిన గచ్చు కొలుచుకున్నాడు. మగ్గం దగ్గరకు మాత్రం రాలేదు. నేనే పిలిచి చూపించాను.

“ఇది బిల్డింగ్ కిందికి రాదమ్మా. మీ సామాన్లకు మీరే వేరుగా తీసుకోవాలి” అన్నాడు. మా తమ్ముడి మాటే. నాకు వాడి మీదే కోపం వచ్చింది, ఎందుకో.

కోసిన ముక్క గుడ్డలో చుట్టుకుని ఇద్దరం షావుకారు దుకాణానికి పోయాం. ఆయన అరవలేదు. జరీ మీద బొటనవేలు రాసి చూసి పక్కన పెట్టాడు.

“నా ఇన్సూరెన్స్ దుకాణంలో సరుక్కేనప్పా. మీ ఇంటికొచ్చినాక దానికి ల్యా. మీకు యాడన్నా ఉండాదా?”

“లేదు సామీ” అన్నాడు మా ఆయన. “అద్దె ఇండ్లల్లో ఉండేటోళ్లకు కూడా ఇస్తారని మాకెవరూ చెప్పలేదు.”

అబద్ధం కాదు. ఆయనకు నిజంగానే ఎవరూ చెప్పలేదు. ఊరుకుంటే అక్కడికి సరిపోయేది.

“చెప్పినారు సామీ. మా తమ్ముడు నాకు చెప్పినాడు. నేనే వద్దన్న్యా. ఆయనకు తెలీదు.”

షావుకారు నా వైపు చూడలేదు, మా ఆయన వైపు చూశాడు. “ఇప్పుడప్పుడే ఇంకో పడుగు ఇయ్యలేనప్పా. పెండ్లోళ్లకు నేనేం చెప్పుకోవల్ల?” అన్నాడు.

దారిపొడవునా తిట్లకు సిద్ధపడి నడిచాను. బదులు కూడా కూర్చుకున్నాను, ఊరికే పడే రకం కాదు నేను. ఆయన ఒక్క మాట అనలేదు. ఇల్లు చేరాక మా తమ్ముడికి ఫోన్ చేసి, ఫ్యాక్టరీలో ఏదైనా పని ఉంటే చూడమన్నాడు. పదకొండో ఏట మగ్గమెక్కిన మనిషి.

ఆ వారమే పాలసీ తీసుకున్నాం, పరాయి సరుకుతో సహా రాయించి. పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయే ఆయనకు క్యారియర్ కట్టి ఇస్తాను. “పోయొస్తా మే” అంటాడు, ఎప్పటిలాగే మెత్తగా. ఆ రోజు రోడ్డు మీద నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.