రెండో చీటీ

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ అట్టలక్క. బడి రిజిస్టరు కానివ్వండి, వెన్ను ఊడిన నిఘంటువు కానివ్వండి, పిల్లలు నమిలేసిన పాటల పుస్తకం కానివ్వండి, ఆమె ముందుగదిలో బల్ల మీద పెట్టి వెళితే వారం తిరిగేసరికి కొత్త అట్టతో సిద్ధంగా ఉండేది. పనిలో ఎంత నాణ్యమో మాటలో అంత కటువు. "పుస్తకాన్ని బోర్లా పడుకోబెట్టేవాళ్లకి వీపు మీద రెండు వెయ్యాలి" అని వచ్చినవాళ్ల మొహం మీదే అనేది. వాళ్లూ నవ్వేసి మళ్లీ బోర్లా పడుకోబెట్టి, మళ్లీ ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు.

ఈ పని ఆమె కోరి నేర్చుకున్నది కాదు. పందొమ్మిదేళ్ల వయసులో ఆమెకు లెక్కల పిచ్చి. నల్లబల్ల ముందు నిలబడి, చేతులకు సుద్ద అంటించుకుని పిల్లలకు లెక్కలు చెప్పాలని ఒకటే కోరిక. అక్కకూ తనకూ టీచర్ల శిక్షణ కళాశాల నుంచి ఉత్తరాలు ఒకే రోజు వచ్చాయి. ఇద్దరూ ఆ ఉత్తరాలు పట్టుకుని ఇల్లంతా గంతులేశారు. పన్నెండు రోజుల తర్వాత అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నాన్న అప్పటికే లేడు. ఇద్దరిలో ఒకరు వెళ్లవచ్చు, ఒకరు ఉండిపోవాలి.

ఇలాంటి చిక్కులకు వాళ్ల చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. అవసరం ఎవరిదో వాళ్లే రెండు చీట్లు రాసి, ఒకేలా మడిచి, చెక్కపెట్టెలో వేయాలి. అందరూ మోకరించి ప్రార్థన చేశాక సంఘ పెద్ద ఒకటి తీస్తాడు. చేతికి వచ్చిందే దేవుడి చిత్తం. దాన్ని తీర్మానాల పుస్తకంలో అంటిస్తారు. రాని చీటీని విప్పకూడదు. పారేయనూ కూడదు. ప్రార్థన చేసిన కాగితం చెత్తబుట్టలో పడితే దోషమని వాళ్ల నమ్మకం. అందుకని దాన్ని మడిచింది మడిచినట్టే మొదటి చీటీ వెనక్కి దోపేస్తారు.

ఆ ఆదివారం అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకెళ్లారు. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి రెండు చీట్లూ ఆమే రాసింది. ఎవరి చీటీ వస్తే వాళ్లు ఇంట్లో ఉండిపోవాలని మాట. సంఘ పెద్ద అమ్మకు సొంత అన్నయ్యే. పెట్టెలో చెయ్యి పెట్టి, ఒకటి తీసి, కళ్లజోడు సర్దుకుని చదివాడు. "చిన్నమ్మాయి."

చిన్నమ్మాయి ఏడ్చింది. ఒక్క రోజు, కడుపు నిండా ఏడ్చింది. మర్నాడు మొహం కడుక్కుని మోకరించి, "ప్రభువా, నా ఇష్టం పక్కన పెట్టేశాను, నీ ఇష్టమే కానివ్వు" అంది. అన్నాక మళ్లీ వెనక్కి చూడలేదు. అక్క రైలెక్కింది. చెల్లెలు పక్క సందులోని ముసలి బైండరు దగ్గర పని నేర్చుకుంది. ఎందుకంటే అది అమ్మ మంచం పక్కన కూర్చుని చేసుకోగల పని. సూదితో ఫారాలు, అంటే మడత పెట్టిన కాగితాల కట్టలు, కుడుతూ, మధ్యలో లేచి అమ్మను అటు తిప్పి, మళ్లీ ఇటొచ్చి జిగురు కలిపేది. ఇరవై ఒక్క సంవత్సరాలు. ఆ వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు. అమ్మ రోజూ పొద్దున్నే ఆమె చెయ్యి పట్టుకుని, "దేవుడే నిన్ను నాకిచ్చాడే" అనేది. ఆ మాటతో అట్టలక్క కడుపు నిండిపోయేది.

అమ్మ పోయి మూడేళ్లయింది. అక్క వేరే ఊళ్లో హెడ్మిస్ట్రెస్సు. అట్టలక్కకు పెళ్లి లేదు, పిల్లలు లేరు, నల్లబల్ల లేదు. ఉన్నది ఒక్కటే, సాక్ష్యం. ఏటా సంఘ వార్షికోత్సవంలో ఆమె ముందుకొచ్చి ఆ చీటీ కథ చెప్పేది. చివరికి "నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు" అనేది. ముసలివాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. కుర్రాళ్లు ఆవలింతలు మింగుకునేవాళ్లు. ఎవరింట్లోనైనా పిల్లలు ఎదురు తిరిగితే, "అట్టలక్కను చూసి నేర్చుకోండి" అనడం అక్కడ మామూలే. వేదిక దిగి వస్తుంటే ఆమెకు తను కూడా ఒక మనిషినే అనిపించేది. అది ఆమె జీతం, ఆమె సంసారం, ఆమె సర్వస్వం.

ఈసారి యాభయ్యో వార్షికోత్సవం. వారం ముందు కొత్త పాస్టరు తీర్మానాల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, దీని పరిస్థితి చూడండి, పట్టుకుంటే రాలిపోతోంది. ఆదివారానికి కాస్త మర్యాదగా తయారు చేసిపెట్టండి. ఆ రోజు మళ్లీ చీట్లు తియ్యాలి కూడా."

"ఎవరికి?"

"మన డ్రైవరుగారింట్లో. నానమ్మ మంచాన పడింది కదా. అన్న చదువు మానాలా, చెల్లి మానాలా అని. ఆ అమ్మాయి కాస్త మొండికేస్తోందిట. ముందు మీ సాక్ష్యం పెట్టమన్నారు పెద్దగారు. వింటే మెత్తబడుతుందని."

అట్టలక్క మురిసిపోయింది. మురిసిపోకేం!

గురువారం మధ్యాహ్నం పుస్తకం విప్పింది. పాత దారాలు కోసి, ఫారాలు విడదీసి, కుళ్లిన జిగురును తడిగుడ్డతో నానబెడుతూ వచ్చింది. తన పేజీ వచ్చింది. అంటించిన చీటీ అంచు ఊడి లేచింది. దాన్ని మెల్లగా పైకెత్తితే వెనక మడత పెట్టిన రెండో చీటీ కనబడింది. ఇరవై నాలుగేళ్లుగా విప్పని కాగితం. విప్పకూడదని ఆమెకు తెలుసు. కానీ తడి తగిలింది, మడతలో ఉంచితే బూజు పడుతుంది. బైండరు చెయ్యి ఊరుకోదు. ఆరబెడదామని విప్పింది.

"చిన్నమ్మాయి" అని ఉంది.

తప్పు చదివాననుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ అమ్మ రాతే. ఒక్కో అక్షరం ఆగి ఆగి, శ్రద్ధగా, గుండ్రంగా. రెండింటిలోనూ తనే.

జిగురు గిన్నెలో తొక్క కట్టేదాకా అలాగే కూర్చుండిపోయింది. మొదట ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఎన్ని వేల ఉదయాలు ఆ చెయ్యి తన చెయ్యి పట్టుకుంది! ఎన్నిసార్లు దేవుడి పేరెత్తింది! నోటిలో ముద్ద పెడుతుంటే, తల దువ్వుతుంటే, ఒక్కసారైనా ఆ గొంతు తడబడలేదే! తర్వాత కోపం అమ్మ మీంచి పైకి పాకింది. "నీకు తెలుసు కదా? పెట్టెలో ఏముందో నీకు తెలుసు కదా? నీ పేరు మీద జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నావా?" అని పైకే అంది.  పైన ఫ్యాను తిరుగుతోంది.

శనివారం మేనమామ దగ్గరికి వెళ్లింది. ఎనభై దాటిన మనిషి, వరండాలో వాలుకుర్చీలో ఉన్నాడు. చీట్లు రెండూ ఒళ్లో పెట్టింది. ఆయన వాటిని చదవనే లేదు. చూడగానే కళ్లు మూసుకున్నాడు.

"మీకు తెలుసా మామయ్యా?"

"ఆ సాయంత్రం అంటించేటప్పుడు విచ్చుకుంది తల్లీ. అప్పుడు చూశాను."

"మరి చెప్పలేదే?"

"వెళ్లి మీ అమ్మను అడిగాను. 'పెద్దదైతే విసుక్కుంటుంది అన్నయ్యా, చిన్నది నోరెత్తదు, చచ్చేదాకా చూస్తుంది' అంది. మంచంలో ఉన్న మనిషి, ఏం చెయ్యను? అప్పటికే మీ అక్క ప్రయాణానికి పెట్టె సర్దుకుంది."

"సరే, చెప్పలేదు. ఏటా నన్ను వేదికెక్కించి ఆ అబద్ధం ఎందుకు చెప్పించారు?"

ఆయన కాస్త నిటారుగా కూర్చున్నాడు. పెద్దరికం తిరిగొచ్చింది. "అబద్ధమెలా అవుతుందమ్మాయ్? ఎలా జరిగినా దేవుడి చిత్తమే జరిగింది. నువ్వు మీ అమ్మను ఎంత బాగా చూశావో, అదే రుజువు."

"దొంగ కాగితం మీద దేవుడి సంతకం పెట్టించారన్నమాట!"

"మెల్లగా, మెల్లగా. రేపు ఎప్పట్లాగే చెప్పెయ్. పోయినావిడ పరువు తియ్యకు. యాభయ్యేళ్ల సంఘం తల్లీ. ఇంతమందిని నవ్వులపాలు చేస్తావా?"

ఇల్లు చేరి మోకరించింది. చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థనే, నా ఇష్టం కాదు, నీ ఇష్టం అని. నా ఇష్టం అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే ఈసారి తన ఇష్టం ఏమిటో చూసుకుంటే ఆమెకే సిగ్గేసింది. మామయ్యను నిలదియ్యాలని కాదు, అమ్మను బయటపెట్టాలని కాదు. తన ఇష్టం నోరు మూసుకోవడం. ఆ రెండో చీటీని పొయ్యిలో వేసి, రేపు ఎప్పటిలాగే వేదికెక్కి, ముసలివాళ్లను ఏడిపించి, దిగి రావడం. అదొక్కటే కదా ఉంది తనకు! అదీ పోతే, ఇరవై నాలుగేళ్లూ ఒక మోసపోయిన ఆడదాని కథ. దేవుడు తీసుకున్నాడంటే ఓర్చుకుంది. అమ్మ లాక్కుందంటే ఎలా ఓర్చుకోవడం?

కానీ రేపు ముందు వరసలో డ్రైవరుగారి అమ్మాయి కూర్చుంటుంది. ఆ పిల్లను మెత్తబరచడానికే తన సాక్ష్యం. దేవుడికి ఏది ఇష్టమో తెలియక మథనపడే పని లేదు. తెలుసు. తెలిసే ఏడ్చింది.

ఆదివారం గది కిక్కిరిసింది. అక్క పొద్దున్నే రైలు దిగి సరాసరి అక్కడికే వచ్చి మూడో వరసలో కూర్చుంది. బల్ల మీద చెక్కపెట్టె, పక్కన కొత్త అట్టతో తీర్మానాల పుస్తకం. ముందు వరసలో ఆ అమ్మాయి కళ్లు ఉబ్బి ఉన్నాయి. మేనమామ చేతికర్ర మీద గడ్డం ఆనించి, అట్టలక్క వైపే చూస్తున్నాడు.

ఆమె లేచి వెళ్లింది. ఎప్పుడూ ఎక్కగానే గడగడా మొదలుపెట్టే మనిషి ముందు గ్లాసు అందుకుంది. నీళ్లు తాగింది.

"నేను ఏటా మీకు చెప్పే సాక్ష్యం నిజం కాదు. అది నాకు మొన్న గురువారం తెలిసింది. ఆ రోజు పెట్టెలో ఉన్న రెండు చీట్లలోనూ నా పేరే ఉంది. ఏది తీసినా నేనే. దాన్ని దేవుడి చిత్తమని మీకు చెప్పాను, నేనూ నమ్మాను. రెండు చీట్లూ పక్కపక్కనే అంటించాను, వచ్చి చూసుకోండి. ఇకమీద నా కథ చెప్పి ఎవరి పిల్లలనూ ఒప్పించకండి."

అంతే అంది. ఎవరు రాశారో పేరెత్తలేదు. ఎవరు దాచారో చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, మేనమామను చూస్తే ఇంకా వచ్చింది. పళ్లు బిగపట్టి దిగిపోయింది. కళ్లు తుడుచుకునేవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరో "ఈ వయసులో ఇదేం బుద్ధి?" అన్నారు, వినబడేలాగే. కొత్త పాస్టరు పెట్టెను తీసి బల్ల కింద పెట్టాడు. ఈ రోజు చీట్లు తియ్యడం లేదు, డ్రైవరుగారి ఇంటివాళ్లు నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలి అన్నాడు. మేనమామ ఎవరి సాయమూ లేకుండా లేచి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

అందరూ భోజనాలకు కదిలారు. రోజూ పలకరించేవాళ్లు ఆమెను తప్పించుకుని పక్కనుంచి పోయారు. ఖాళీ బెంచీల మధ్య అక్క ఒక్కతే వచ్చి పక్కన కూర్చుంది. పుస్తకం తెరిచి చూసి వచ్చినట్టుంది, మొహంలో రక్తం లేదు.

"అమ్మ రాతేగా?"

"ఊఁ."

"ఒట్టే, నాకు తెలియదు. తెలిసుంటే..."

"తెలిసుంటే ఉండిపోయేదానివా అక్కా?"

 అక్క తన చేతుల వంక చూసుకుంది. చివరికి తల అడ్డంగా ఊపింది. అబద్ధం చెప్పనందుకు అట్టలక్కకు ఆ క్షణాన అక్క మీద కాస్త ప్రేమ కలిగింది.

"అమ్మ నన్ను అడగాల్సింది అక్కా. ఒక్కసారి, నోరు తెరిచి, ఉండిపోవే అని అడిగి ఉంటే నేనే ఉండిపోయేదాన్ని. చీట్లెందుకు? నా చదువు నేనే దేవుడికి ఇచ్చేదాన్ని" అంది అట్టలక్క. అని ఆగింది. "ఏమో, ఇచ్చేదాన్నో లేదో. అది నాకిప్పుడు ఎలా తెలుస్తుంది?"